దేవుడి అరలో బోరు రాయి

నా చేతిరాత బాగుంటుంది. అదే నా కొంప ముంచింది. మలక్‌పేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌ని. జీతం ఇచ్చేది ల్యాబ్ చూసుకున్నందుకే, కానీ కాలేజీలో ఏ ఎగ్జిబిషన్ పెట్టినా చార్టులు రాసే పని వచ్చి నా నెత్తినే పడుతుంది. "నీ అక్షరాలు ముత్యాలమ్మా" అని ఒక్క మాటంటే చాలు, నేను కరిగిపోయి స్కెచ్ పెన్నులు అందుకుంటానని మా ఫిజిక్స్ మేడమ్‌కు బాగా తెలుసు.

ఆ ఏడు మేడమ్ తీసుకున్న అంశం అణు విద్యుత్తు. యురేనియం ఎక్కడ దొరుకుతుంది, ఎవరు తవ్వుతారు, ఎవరు కొంటారు, కరెంటు ఎలా అవుతుంది అని పది చార్టులు. నాకప్పుడు నాలుగో నెల. పెళ్లయిన ఎనిమిదేళ్లకు, రెండుసార్లు మూడో నెల దాటకుండానే పోయాక, ఈసారి నిలిచిన నాలుగో నెల. ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టుకొని ఉన్నాం. బరువులెత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అని డాక్టరమ్మ చెప్పింది గనక మేడమ్ నాకు ఎత్తు తక్కువ స్టూలు ఒకటి వేయించి, "కూర్చొనే రాయి, తొందరేం లేదు" అంది. తొందర లేదంటూనే పది చార్టులు!

రాస్తూ ఉంటే నాకే వింతగా ఉండేది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ యురేనియం ఇచ్చేది కజకిస్థాన్ అట. అక్కడ చాలాచోట్ల గనుల్లోకి మనుషులు దిగనే దిగరు. నేలలోకి బోర్లు వేసి, ఆమ్లం కలిపిన నీళ్లు పంపి, లోపలున్నదాన్ని కరిగించి పైకి తోడుకుంటారు. కెనడాలో ఒకచోట ఖనిజం ఎంత చిక్కగా ఉంటుందంటే మనిషి దగ్గరికి పోకూడదు, యంత్రాలే దూరం నుంచి కోసి తెస్తాయి. నమీబియాలో ఎడారి మధ్యన పెద్ద గొయ్యి. ఎక్కడ తవ్వినా చివరికి దాన్ని పొడిచేసి, ఇనుప డ్రమ్ముల్లో నింపి, ఓడలెక్కిస్తారు. మన దేశం కొంత కొంటుంది, కొంత కడప దిక్కున తానే తవ్వుకుంటుంది. ఆ పొడి చిన్న చిన్న నల్లటి గోలీలై, గొట్టాల్లో చేరి, రియాక్టర్‌లోకి పోతుంది. "ఆ గోలీలు చేసేది మన హైదరాబాద్ శివార్లలోనే" అని మేడమ్ అన్నప్పుడు నేను పెన్నుకు మూత పెట్టడం మరిచిపోయాను. పుట్టి పెరిగిన ఊళ్లో ఇంత సంగతి జరుగుతుంటే నాకు తెలిసిందల్లా ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, అంతే.

ఇప్పుడు అందరికీ మళ్లీ యురేనియం కావాలట. డేటా సెంటర్లంటారే, ఆ కంప్యూటర్ల గోదాములకు ఇరవై నాలుగు గంటలూ కరెంటు కావాలి, బొగ్గు పొగ మాత్రం వద్దు. అందుకని మూసిన గనులు తెరుస్తున్నారు, ఒకప్పుడు వెతికి వదిలేసిన చోట్లు మళ్లీ చూస్తున్నారు. ఎనిమిదో చార్టు పేరు "తవ్వే ముందు ఎలా వెతుకుతారు". దాని మీద అంటించమని మేడమ్ ఒక పెద్ద ఫోటో ఇచ్చింది. వెనక గమ్ము పూసి, తిప్పి, చార్టు మీద పెట్టబోయి చూశాను.

పొడుగాటి పెట్టెలు. లోపల గళ్లు. ఆ గళ్లలో వరసగా పేర్చిన రాతి కడ్డీలు. మణికట్టంత లావు, నున్నగా, గుండ్రంగా, చెక్కినట్టు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఒకదాని కొస మాత్రం విరిగినట్టు కాకుండా అరిగి గుండ్రంగా ఉంది.

గమ్ము చేతులతో అలాగే ఉండిపోయాను. అలాంటిది ఒకటి మా ఇంట్లో ఉంది. పొద్దున దానికే దండం పెట్టుకొని, దాని మీద పోసిన నీళ్లే తాగి, డ్యూటీకి వచ్చాను.

"మేడమ్, ఇవేంది?" అన్నాను.

"కోర్ అంటారు. యురేనియం ఉందేమో చూడటానికి బోరు వేస్తారు కదా, ఆ మిషిన్ నేల లోపలి రాయిని గొట్టంలా కోసి ఇలా కడ్డీలుగా పైకి తెస్తుంది. ఏం, అట్లా చెమటలు పట్టాయేంటి నీకు?"

ఏమని చెప్పను? ఆ ఫోటోను నా ఫోన్లో తీసుకొని, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి బయల్దేరాను.

మా ఇల్లు లాల్‌దర్వాజాలో, అమ్మవారి గుడికి రెండు గల్లీల ఇవతల. రెండు గదులు, ఒక వంటిల్లు, ఆ వంటింటి గోడకు దేవుడి అర. అరలో పటాలు చాలా ఉన్నాయి గానీ అత్తమ్మకు అసలు దేవుడు మధ్యలో ఉన్న నల్లరాతి లింగం. జానెడు పొడుగు. దానికి ఇత్తడి పానవట్టం చేయించి, చుట్టూ విభూతి రేకలు దిద్ది, పొద్దున్నే చెంబుడు నీళ్లు పోసి, ఆ నీళ్లు పట్టుకొని ఇంట్లో అందరికీ తీర్థం ఇచ్చేది. నాకు మటుకు మూడు చెంచాలు ప్రత్యేకం. కొత్త కోడలిగా వచ్చిన నెలకే మొదలుపెట్టింది. "నీ కడుపు పండాలని మొక్కిన బిడ్డా. కండ్లకద్దుకొని తాగు" అని. రెండుసార్లు పోయినప్పుడూ ఆపలేదు. నేనూ ఆపలేదు. ఎనిమిదేళ్లు తాగాను.

ఆ దేవుణ్ని తెచ్చింది మామయ్య. ఆయన గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బోర్ల డిపార్ట్‌మెంటు అని చెప్పేవారు. నేను నీళ్ల బోర్లనుకున్నాను! నేనొక్కదాన్నేనా, గల్లీ గల్లీ అంతా అదే అనుకునేది. ఆయన్ను బోర్ల సారు అనేవాళ్లు. ఎవరు ప్లాటు కొన్నా "సారూ, జర వచ్చి నీళ్లెక్కడ పడ్తయో చూసి చెప్పున్రి" అని పిలుచుకుపోయేవారు. ఆయన పోయి, నాలుగు మూలలా నడిచి, ఒకచోట కాలితో గీసి వచ్చేవాడు. చాయ్ తాగి వచ్చేవాడు. ఒక్కనాడూ నాకిది రాదయ్యా అనలేదు. మాట తక్కువ మనిషి. ఆ మాట తక్కువతనమే ఇంత పని చేసింది.

నేను ఇంటికి వచ్చేసరికి ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా ఫోన్లో ఆ ఫోటో తీసి ఆయన ముందు పెట్టాను.

"మామా, గిదేంది?"

ఆయన కళ్లద్దాలు సర్దుకొని చూశాడు. మొహం ఒక్కసారి విచ్చుకుంది, ఏదో పాత దోస్తును చూసినట్టు. "కోర్ బాక్స్ బిడ్డా. నీకెక్కడ దొర్కింది?" అన్నాడు. అంతలోనే నేను వంటింటి వైపు చూడటం చూశాడు. మొహం మాడిపోయింది. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"మన దేవుడు గిదేనా?" అన్నాను.

ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"అది నా తొలి కోర్ బిడ్డా. గప్పటిదాంక నేను హెల్పర్‌ని. గా దినం డ్రిల్లర్‌కు జరమొచ్చి పండిండు. సారు నన్ను మిషిన్ కాడ నిలవెట్టిండు. నా చేతుల మీద వచ్చిన మొదటి రాయి. గొట్టంల తిరిగి తిరిగి ఒక కొస గుండ్రంగ అరిగింది. మస్తు ముద్దొచ్చింది నాకు. గుర్తుంటదని తువ్వాల్ల చుట్టి ట్రంకుల వెట్టుకున్న. పెట్టెల జాగ ఖాళీ ఉండొద్దు గద, గక్కడ కట్టె బిళ్ల వెట్టి 'కోర్ లాస్' అని రాసిన. రాయి బోరులనే పోయిందన్నట్టు."

"మరి దేవుడెట్లయింది?"

"ఇంటికొచ్చి ట్రంకు తెరిస్తే మీ అత్త జూసింది. శ్రీశైలం దిక్కు అడివికెళ్లి వచ్చిన గద. నా కోసం శివయ్యను తెచ్చినవా అని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. పెండ్లయిన సంది దానికి నేను గాజులు గూడ తేలే. ఎట్ల జెప్పాలె, గిది బోరు రాయి అని? రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. గంతట్లనే ముప్పై ఏండ్లయినయ్."

నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఏది ముందో చెప్పలేను. "మామా, గా బోర్లు నీళ్లకా, యురేనియంకా?"

"యురేనియంకే."

"అయితే గా రాయిల ఉన్నదా?"

"ఉన్న ముక్కలు సార్లు రేడియేషన్ కొలిచే కౌంటర్ వెట్టి చూసి పక్కకు తీస్తరు. గిది సార్లు చూడకముందే నేను తీసిన." ఆగాడు. "ఉన్నదో లేదో నాకెర్కలే బిడ్డా. నిజంగ ఎర్కలే."

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. అత్తమ్మ వంటింటి గుమ్మంలో చాయ్ కప్పులు పట్టుకొని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఏమో. ఆమె మొహం చూసైనా నేను నోరు మూసుకోవాల్సింది. నా నోటికి ఆ బుద్ధి ఎప్పుడుంది గనక! కోపమంతా మామయ్య మీద రావాలి, వచ్చింది ఆమె మీద.

"మీ చేతులతోటే పోసిన్రు అత్తమ్మా! దినాం పోసిన్రు. కండ్లకద్దుకొని తాగమన్నరు. గందుకే నాకు రెండుసార్లు పోయిందేమో! ఇప్పుడు గిది గూడ పోతే?"

ఆమె చాయ్ కప్పులు మెల్లగా కింద పెట్టింది. కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. చీర కొంగుతో ఆ అరచెయ్యి తుడుచుకొని లోపలికి పోయింది.

ఆ మాట అన్నానని ఇప్పటికీ నమ్మలేను. రెండోసారి పోయినప్పుడు ఆస్పత్రిలో నా తల ఒళ్లో పెట్టుకొని పొద్దంతా కూర్చున్నది ఆమె. నాకు బట్టలు మార్చింది ఆమె. అట్లాంటి మనిషిని పట్టుకొని అంత మాట అన్నాను. పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూస్తుంటే, సిగ్గు కూడా లేకుండా, చెప్పులతోనే నిలబడి అన్నాను.

మా ఆయన ఆర్టీసీలో మెకానిక్. డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. అలాంటి కౌంటర్ మా ల్యాబ్‌లోనూ ఒకటుందని చెప్పాను. "ఆ రాయి తీస్కపోయి మూసీల పడేస్త" అన్నాడు. అత్తమ్మ మాత్రం వంటింట్లోంచే, మామూలు గొంతుతో అడిగింది.

"మీ కాలేజీల మిషిన్ ఉన్నదంటివి గద బిడ్డా. గా కౌంటర్ అంటరే, గది. దాని కాడికి తీస్కపోదాం. ఉన్నదో లేదో చూపిద్దాం."

అత్తమ్మ దేవుణ్ని ఇల్లు కదిలించడం అంటే మాటలు కాదు. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసింది. లింగానికి నీళ్లు పోసి, పాలు పోసి, మళ్లీ నీళ్లు పోసి తుడిచింది. "సామీ, జర కదులుదాం, కోపం తెచ్చుకోకు, పిల్ల కోసం" అని చెప్పింది. పసుపు బట్టలో చుట్టి, గడప దగ్గర కొబ్బరికాయ కొట్టించి, ఉట్టి కాళ్లతో బయటికి వచ్చింది. అభిషేకం నీళ్లు ఒక స్టీలు డబ్బాలో నాచేత పట్టించింది. గల్లీ మొగన ఆటో ఎక్కాం. ఆమె ఒళ్లో మూటను రెండు చేతులతో పట్టుకొని ఉంది.

ఆమె అంత జాగ్రత్తగా పట్టుకోవడం ఆటో అతను అద్దంలో చూశాడు. "క్యా హై అమ్మా, ఇత్నా సంభాల్‌కే పకడే?"

"భగవాన్ హై బేటా. జరా ఆహిస్తే చలావ్."

"హౌ అమ్మా" అన్నాడు. దబీర్‌పురా బ్రిడ్జి మీద కూడా పక్కగా, మెల్లగా పోయాడు. వెనక నుంచి హారన్లు కొడుతుంటే చెయ్యి బయటపెట్టి ఆగమన్నాడు. నేను ఆ మూట నుంచి ఎంత దూరం జరగాలా అని ఆటో అంచుకు ఒదిగి కూర్చున్నాను. అత్తమ్మ అది చూసి, తనే ఇంకా అటు జరిగింది. ఆ పది నిమిషాలు ఎట్లా గడిచాయో చెప్పలేను.

మేడమ్‌కు ముందే ఫోన్ చేసి అంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ల్యాబ్ గుమ్మం దగ్గర అత్తమ్మ ఉట్టి కాళ్లు చూసి తన చెప్పులూ విప్పింది. కౌంటర్ ఆన్ చేసింది. మా ల్యాబ్‌లో అది పాతది, స్పీకరు ఉన్నది. రేడియేషన్ తగిలిన ప్రతిసారీ టిక్కుమంటుంది. ఆన్ చెయ్యగానే టిక్, టిక్ టిక్, ఆగి ఒకటి, మళ్లీ రెండు.

అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా దేవుణ్ని వెట్టనే లేదు గద, గప్పుడే కొడుతున్నదేంది?"

"అది ఎప్పుడూ కొడుతూనే ఉంటుందమ్మా" అంది మేడమ్. "నేలలోంచి, గోడల్లోంచి, పైన ఆకాశం నుంచి కొంచెం కొంచెం వస్తూనే ఉంటుంది. మన హైదరాబాదంతా గ్రానైటు రాయి మీదే కదా. పుట్టినప్పటి నుంచి మనందరికీ తగులుతూనే ఉంది."

ఈ కౌంటర్‌ను ఎన్నేళ్లుగానో తుడుస్తున్నాను, పిల్లలకు అందిస్తున్నాను. అయినా ఆ టిక్కులు నా ఒంటి మీద పడుతున్నాయని ఆ రోజుదాకా ఒక్కసారి కూడా తోచలేదు.

మూట విప్పి లింగాన్ని కౌంటర్ ట్యూబు దగ్గర పెట్టారు. టిక్కులు చిక్కబడ్డాయి. చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. మేడమ్ ఒకసారి లెక్కపెట్టి, రాసుకొని, మళ్లీ లెక్కపెట్టింది. రాయిని జానెడు దూరం జరిపింది. టిక్కులు మళ్లీ మామూలుగా పలచబడ్డాయి. తర్వాత లింగాన్ని పక్కన పెట్టి, ట్యూబును మా ల్యాబ్ గ్రానైటు బల్లకు ఆనించింది. బల్ల కూడా దాదాపు అంతే కొట్టింది!

"చూడండి. మీ దేవుడికీ నా బల్లకీ పెద్ద తేడా లేదు. ఇది మామూలు రాయే. మీ వంటింటి గ్రానైటు కూడా ఇంతే కొడుతుంది" అంది మేడమ్.

నేను స్టూలు మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. అత్తమ్మ నవ్వలేదు. స్టీలు డబ్బా చూపించి అడిగింది. "మరి తీర్థం?"

డబ్బా ట్యూబు కింద పెట్టారు. ఏ తేడా లేదు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మేడమ్ అబద్ధం చెప్పని మనిషి. "నీళ్లలో చాలా కొంచెంగా ఏమైనా కరిగి ఉంటే ఈ మెషిన్‌కు తెలవదమ్మా. దానికి వేరే ల్యాబ్ కావాలి. నాకు తెలిసినవాళ్లున్నారు, పంపిస్తాను. నెల పైనే పట్టొచ్చు. ఏమీ ఉండదనే నా నమ్మకం" అంది. అత్తమ్మ తల ఊపింది. ఇన్ని మాటల్లో ఆమె పట్టుకున్నది "తెలవదు" ఒక్కటేనని నాకు అప్పుడు అర్థం కాలేదు.

డాక్టరమ్మ దగ్గరికి కూడా పోయాం. ఆమె నన్ను బాగా తిట్టింది. "నీ స్కానింగ్ బ్రహ్మాండంగా ఉంది. ముందు రెండూ ఎందుకు పోయాయో నాకూ చెప్పడం కష్టం, కానీ రాయి వల్ల అని ఎవరన్నారు? అనుమానముంటే ఆ నీళ్లు మానెయ్యి. అంతే" అంది. ఆ మాట నేనే అన్నానని చెప్పడానికి నోరు రాలేదు.

దేవుడు మళ్లీ అరలోకి పోయాడు. అత్తమ్మ పూజ మానలేదు, కానీ తీర్థం ఎవరికీ ఇచ్చేది కాదు. నాకే కాదు, కొడుక్కి కూడా. మేం లేచేసరికే పూజ అయిపోయి ఉండేది. ఒంటిపూట భోజనం మొదలుపెట్టింది. ఉల్లి, వెల్లుల్లి మానేసింది. చాప మీద పడుకునేది. నాతో మాట్లాడేది, అన్నం తిన్నవా, మందులేసుకున్నవా అని అడిగేది, అయినా నా మీద అలిగిందనే అనుకున్నాను. నేనన్న మాటకు అలగడం న్యాయమే కదా. ఒకరోజు ధైర్యం చేసి, "అత్తమ్మా, గా దినం నోరు జారిన, మనసుల వెట్టుకోకున్రి" అన్నాను. "ఏం వెట్టుకోలే బిడ్డా. మొక్కున్నది, గంతే" అంది. నేను అంతటితో వదిలేశాను. క్షమాపణ చెప్పేశాను కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఎగ్జిబిషన్ అయిపోయింది. నా చార్టులకు ప్రైజు కూడా వచ్చింది. ఆ సాయంత్రం మామయ్య టీవీ చూస్తున్నాడు. యురేనియానికి గిరాకీ పెరిగిందని, పాత చోట్ల మళ్లీ వెతకాలని ఎవరో చర్చిస్తున్నారు. ఒకాయన దేశానికి కరెంటు అంటాడు, ఇంకొకాయన అడవి అంటాడు. పెద్ద లొల్లి. మామయ్య టీవీ గొంతు తగ్గించాడు.

"బిడ్డా, గా క్యాంపుల మేం ఊట నీళ్లు తాగినం. కోర్లు గూడ గా నీళ్లతోటే కడిగినం. కిందికి గూడెం ఉంటుండె, గా నీళ్లే ఆళ్లకు పోతుండె. మాకు జొన్న రొట్టెలిచ్చెటోళ్లు." ఆగి, నా వైపు చూశాడు. "మీ మేడమ్ ఆళ్ల నీళ్లు గూడ చూస్తదా?"

పది చార్టులు రాశాను. కజకిస్థాన్ రాశాను, కెనడా రాశాను, ఓడలు గీశాను, డ్రమ్ములకు రంగులు వేశాను. ఆ బోర్ల పక్కన ఎవరు నీళ్లు తాగుతున్నారని నాకొక్కసారి కూడా తట్టలేదు. మా ఇంట్లో జానెడు రాయి ఉందని తెలిస్తే లోకం తలకిందులైనట్టు అరిచాను.

నీళ్ల రిపోర్టు వచ్చేసరికి నాకు ఆరో నెల దగ్గరపడింది. మేడమ్ కాయితం చేతిలో పెట్టి, "ఏమీ లేదమ్మా. మీ నల్లా నీళ్లెట్లా ఉన్నాయో ఇవీ అట్లాగే ఉన్నాయి. పో, ఇంటికి పోయి మీ అత్తమ్మకు చెప్పు" అని సగం పూట సెలవిచ్చింది. దారిలో జిలేబీలు కొన్నాను. ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. అత్తమ్మ కాళ్లు పట్టుకుంటాను, రేపటి నుంచి నా మూడు చెంచాలు నాకు కావాలని అడుగుతాను, ఇదంతా మరిచిపోదాం అంటాను. మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను.

మధ్యాహ్నం పూట నేను వస్తానని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మామయ్య గుడి దిక్కు పోయినట్టున్నాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. వంటింట్లోకి పోయేసరికి అత్తమ్మ దేవుడి అర ముందు కింద కూర్చొని ఉంది. అరలో పానవట్టం ఖాళీగా ఉంది. లింగం రాగి చెంబులో ఉంది, నీళ్లలో నిలువునా మునిగి. ఆమె దాన్ని మెల్లగా బయటికి తీసి బట్ట మీద పెట్టింది. చెంబెత్తి ఆ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. చెంచాతో కాదు. చెంబుతో, గటగటా.

"అత్తమ్మా!" అని అరిచాను. జిలేబీల పొట్లం కింద పడింది.

ఆమె ఉలిక్కిపడి చెంబు దించింది. దొరికిపోయిన చిన్నపిల్లలా చూసింది.

"ఏం చేస్తున్నరు? ఎన్నొద్దుల నుంచి?"

"మండలం వట్టిన బిడ్డా. నలభై దినాలు. మీ కాలేజీకెళ్లి వచ్చిన తెల్లారి సంది." కొంగుతో మూతి తుడుచుకుంది. "మీ మేడమ్ అన్నది గద, నీళ్ల సంగతి మిషిన్‌కు తెల్వదని. మరి ఎవలకు తెలుస్తది? నీకు నేను పోసింది దినానికి మూడు చెంచాలే. నేను దాన్ని పొద్దందాక నానవెట్టి చెంబెడు తాగుతున్న. ఏమన్న ఉంటే ముందు నాకే అయితది. నాకేం గాకపోతే నీ కడుపుల పిల్లకు గూడ ఏం గాదు. నువ్వు ఫికర్ లేకుండ ఉండొచ్చు."

అక్కడే గోడకు జారగిలబడ్డాను. నేను అలక అనుకున్నాను. నెలకు పైగా, అదే ఇంట్లో, ఈమె అలిగిందనుకుంటూ అన్నం తిన్నాను, నిద్రపోయాను.

"ఒకవేళ నిజంగ ఉండి ఉంటే?" అన్నాను.

"ఉంటే ఉండె. నాకు అరవై దాటినయ్."

కాయితం ఆమె ముందు పరిచాను. "ఏం లేదంట అత్తమ్మా. రిపోర్టొచ్చింది. మన నల్లా నీళ్ల లెక్కనే ఉన్నయంట. ఇంక తాగకున్రి, మీ కాళ్లు మొక్కుత."

ఆమె కాయితాన్ని చూసింది, నన్ను చూసింది. "మంచిదాయె" అంది. ఆ తర్వాత, ఏమీ జరగనట్టే, చెంబెత్తి మిగిలిన నీళ్లు కూడా తాగేసింది.

ఇంక ఆపుకోలేకపోయాను. ఏడుస్తూ కుడి చెయ్యి చాపాను, రోజూ తీర్థానికి పట్టినట్టే, దొన్నెలా చేసి. "నాకు గూడ పొయ్యున్రి. నా మూడు చెంచాలు నాకు పొయ్యున్రి."

అత్తమ్మ నా వేళ్లను ఒక్కొక్కటే మడిచింది. పిడికిలి చేసి, దాన్ని నా కడుపు మీద పెట్టింది.

"కాయితాలు నాకు తెల్వయి బిడ్డా. ఇయ్యాల్టికి ముప్పై ఎనిమిది అయినయ్. జర ఆగు, ఇంక రెండు దినాలున్నయ్."